చల్లని కొండమీద పరుగు

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. రోళ్లే పగులు నెండలో మనుష్యుడు పరుగెత్తుట యెట్లు? వేసవి సెలవులలో మన తీరప్రాంతపు పట్టణములందు ఉదయము ఎనిమిది గంటలకే డాబా గచ్చు కాలును. పగలు వడగాడ్పు, రాత్రి ఉక్కపోత. కావున గత వేసవిలో మేము కుటుంబసమేతముగా కొడైకెనాలు కొండకు పోయి పది దినములుండి, అచ్చట సరస్సు చుట్టును పరుగెత్తి యానందించితిమని చెప్పగా విని, మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు, "మాస్టారూ, ఇక్కడ గంట కొట్టిన తరువాత గూడ మెల్లగా నడచివచ్చెడి మీరు అక్కడ నెట్లు పరుగెత్తితిరి?" అని యడిగి నవ్విరి. వారు వేడుకకే యడిగినను, ఆ ప్రశ్నకు సరియైన యుత్తరము చెప్పవలెనన్న భౌతికశాస్త్రమును, శరీరశాస్త్రమును, కొంత చరిత్రయును, మేము చేసిన యొక తప్పిదమును గూడ చెప్పవలసియున్నది. అందుచేత ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

కొడైకెనాలు తమిళనాడులోని పళని కొండలమీద, సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటర్ల యెత్తున నున్న యూరు. దానికిని మిషనులకును చిరకాల సంబంధము గలదు. మధుర ప్రాంతమున పనిచేయుచుండిన అమెరికను మిషనరీలు మైదానములలోని జ్వరములచే మిక్కిలి బాధపడి, 1845వ సంవత్సరమున ఈ కొండమీద మొదటి బంగళాలు కట్టుకొనిరి. తరువాత మన తెలుగు ప్రాంతములలో పనిచేసిన మిషనరీలును వేసవి నచ్చటనే గడపుచుండిరి. వారి పిల్లలనేకులు 1901లో అచ్చట స్థాపింపబడిన పాఠశాలలో చదువుకొనిరి. మధుర కలెక్టరుగా పనిచేసిన లెవింజి దొర 1863లో అచ్చటి లోయకు కట్ట వేయించి సరస్సును నిర్మింపజేసెను. నక్షత్రమువలె కోణములు గలిగిన ఆ సరస్సు చుట్టును సుమారు 5 కిలోమీటర్ల బాట కలదు. ఊరికి కొంచెము పైగా, సూర్యుని పరిశీలించుటకై 1899లో స్థాపింపబడిన వేధశాల యున్నది. పండ్రెండేండ్లకొకసారి కొండలను నీలవర్ణముతో కప్పివేయు కురింజి పూవు 2018లో పూచినది గనుక, మాకు మాత్రము దాని దర్శనము లభింపలేదు.

కొడైకెనాలు రోడ్డు స్టేషనులో రైలు దిగునప్పుడు మా చొక్కాలు చెమటచే వీపుల కంటుకొనియుండెను. అచ్చటినుండి బస్సు మలుపులు తిరుగుచు మూడు గంటలకు పైగా కొండ యెక్కెను. సగము దారిలో మా యింటియామె పెట్టెలోని శాలువ తీయుమనెను. పైకి చేరుసరికి చీకటి పడినది. పిల్లల నోటినుండి మాటతోపాటు పొగవంటి యావిరి వచ్చుచుండెను. వారు దానినొక వింతగా నెంచి, ఒకరి ముఖముపై నొకరు ఊదుకొనుచు నవ్విరి.

మరునాటి యుదయము మేము నిద్ర లేవకమునుపే, పదిహేనేండ్ల మా కుమారుడు బూట్లు తొడిగికొని యొంటరిగా బయలుదేరెను. వాడు పాఠశాలలో వంద మీటర్ల పందెమున బహుమానము పొందినవాడు, కొండయనిన లెక్కచేయలేదు. ఏటవాలు వీధిలో రెండువందల మీటర్లు దుముకుచు పోయి, అంతట తల పట్టుకొని యొక అరుగుమీద కూలబడెను. గుండె దడదడ కొట్టుకొనుచుండెను. ఎంత గాలి పీల్చినను చాలకుండెను. మధ్యాహ్నమువరకు వానికి తలనొప్పి తగ్గలేదు. అది చూచి మేము మొదటి రెండు దినములు నడకయే గాని పరుగు కూడదని యింటిలో శాసనము చేసితిమి.

మూడవ దినమున తెల్లవారి యారు గంటలకు నలువురమును సరస్సునొద్దకు పోతిమి. మంచు నీటిపై దట్టముగా వ్యాపించి, ఎదుటి యొడ్డు కానరాకుండెను. అద్దెకిచ్చు గుఱ్ఱములు దారి ప్రక్కన తలలు వంచి నిలిచియుండెను. యూకలిప్టసు ఆకుల వాసన గాలిలో నిండియుండెను. మొదట కొంతదూరము నడచి, కొంతదూరము మెల్లగా పరుగెత్తి, మరల నడచితిమి. మా యింటియామె, "నాకు నడకయే చాలును, మీరు పొండు" అని చెప్పియు, మలుపు తిరుగగానే మా వెనుకనే పరుగెత్తుచుండుట కనబడెను! నలుబది దాటిన మాకు, ఏండ్ల తరబడి పరుగు మరచిన మాకు, ఊపిరి సలుపుచుండెనేగాని మైదానములో వచ్చునట్టి ఆ కళ్లు తిరుగుట, ఆ నీరసము రాలేదు. ముఖమునకు తగులు చల్లని గాలి యెవరో తడిగుడ్డతో తుడుచుచున్నట్లుండెను.

అందరికంటె నాశ్చర్యము కలిగించినది పదమూడేండ్ల మా కుమార్తె. ఆ బాలిక ఆటలలో ఎప్పుడును వెనుకబడునది. పాఠశాలలో పరుగు పందెములనిన కడుపునొప్పియని చెప్పి మూల కూర్చుండునది. అట్టిది ఆరవ దినమున సరస్సు చుట్టును ఆగకుండ, తన స్నేహితురాండ్ర సంగతులు మాతో చెప్పుచునే, ఒక చుట్టు పూర్తిచేసెను. చివర నిలువబడి, "నాన్నగారూ, నేను పరుగెత్తలేననుకొంటిని. ఎండలో పరుగెత్తలేకపోతిని, అంతే" అనెను. ఆ మాట మా హృదయమున నాటుకొనినది. ఎందుచేతనో తరువాత చెప్పెదము. ముందుగా ఆమె చెప్పినదెంతవరకు సత్యమో విచారింతము.

కొండమీద చలి యేల యుండును? ఎత్తు పెరిగినకొలది సూర్యునికి సమీపించుచున్నాము గదా, వేడి యెక్కువ కావలదా యని చిన్న తరగతుల పిల్లలు అడుగుదురు. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరమున నుండగా రెండు కిలోమీటర్ల దగ్గరతనము లెక్కలోనికి రాదు. ఎండ ముఖ్యముగా నేలను కాచును. నేల తన నంటిన గాలిని కాచును. ఆ గాలి పైకి లేచినకొలది, దానిపై నొత్తిడి తగ్గుటచే వ్యాకోచించి చల్లబడును. సైకిలు చక్రపు మూత నొక్కినప్పుడు బయటికి వచ్చు గాలి చల్లగా నుండుట మీరు చూచియుందురు, ఇదియు నట్టిదే. సగటున వేయి మీటర్ల యెత్తునకు ఆరున్నర డిగ్రీల సెంటిగ్రేడు చొప్పున వేడిమి తగ్గును. కావున 2,100 మీటర్ల యెత్తున మైదానముకంటె సుమారు 13, 14 డిగ్రీలు తక్కువగా నుండవలెను. మన పట్టణమున తెల్లవారుజామున 28 డిగ్రీలున్న దినమున కొడైకెనాలులో 14 డిగ్రీల ప్రాంతమున నుండుటకు కారణమిదియే.

ఇక పరుగు సంగతి. మన శరీరమొక యంత్రమని చెప్పుట వాడుక. కాని యది చాల వేడి పుట్టించు యంత్రము. మనము తినిన యాహారమునుండి కండరములు గ్రహించు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే కదలికగా మారును. తక్కిన మూడు వంతులును వేడియై పోవును. లెక్క వేసి చూతము. 60 కిలోల బరువుగలవాడు ఒక గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తినచో సుమారు 600 కిలోకేలరీల శక్తి ఖర్చగును. అందులో 450 కిలోకేలరీలు వేడి. ఈ వేడి యంతయు శరీరములోనే నిలిచిపోయినచో, గంటలో శరీరపు వేడిమి తొమ్మిది డిగ్రీల వరకు పెరుగవలసియుండును. 37 డిగ్రీలుండవలసిన శరీరము 40 దాటినంతనే ప్రాణాపాయము. అనగా పరుగెత్తువానికి కాళ్ల బల మెంత ముఖ్యమో, వేడిని బయటికి పంపు మార్గమంత ముఖ్యము.

సృష్టికర్త మనకట్టి మార్గముల నేర్పరచినాడు. మొదటిది, చర్మమునుండి వేడి చుట్టునున్న చల్లని వస్తువులకును గాలికిని పోవుట. చర్మపు వేడిమి ఇంచుమించు 33, 34 డిగ్రీలుండును. గాలి 14 డిగ్రీలున్నప్పుడు వేడి సులభముగా బయటికి ప్రవహించును. గాలి 34 డిగ్రీలున్నప్పుడు ఆ ద్వారము మూతపడును. 40 డిగ్రీలున్నప్పుడు ద్వారము తిరుగబడి, బయటి వేడియే లోపలికి వచ్చును. అప్పుడు మిగులునది చెమట యొక్కటియే.

చెమట పని యేమో మన యిండ్లలోని మట్టికుండ చూపుచున్నది. కుండ గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిని హరించును. అందుచేత నీరు చల్లబడును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసికొనిపోవును. పైని లెక్కలోని 450 కిలోకేలరీలకు ముప్పాతిక లీటరు చెమట చాలును. అయితే ఆవిరియైన చెమటయే పనిచేయును. నేలపై కారిన చెమట వలన ప్రయోజనము లేదు. ముసురు పట్టిన దినములలో కుండలోని నీరు చల్లబడదని ప్రతి గృహిణియు నెరుగును. ఏలయనగా గాలిలో తడి యప్పటికే నిండియున్నది. మన తీరప్రాంతమున పరుగెత్తువాని యవస్థ యదియే. ఒడలు తడిసి ముద్దయగును, కాని చల్లబడదు. రాయలసీమవంటి పొడి ప్రదేశములలో చెమట వెంటనే యెండిపోవుటచే శరీరము చల్లబడునుగాని, ఎంత నీరు పోయినదో పరుగెత్తువానికి తెలియకుండును. రెండును అపాయకరములే, రెండింటికిని జాగ్రత్తలు వేరు.

మరియొక సంగతి కలదు. వేడిని చర్మమునొద్దకు మోయునది రక్తము. కండరములకు ప్రాణవాయువు మోయునదియు రక్తమే. ఎండలో పరుగెత్తునప్పుడు చర్మము, కండరములు అను రెండు పక్షములును ఒకే గుండెనుండి రక్తమును కోరును. చెమట రూపమున నీరు పోవుటచే రక్తము పరిమాణము కూడ తగ్గును. కావున గుండె మరింత వేగముగా కొట్టుకొనవలసివచ్చును. వేగము పెంచకున్నను, మొదటి చుట్టులో నూటయిరువది యున్న నాడి నాలుగవ చుట్టులో నూటయేబదియగుట దీనివలననే. ఒక చెరువునుండి రెండు మాగాణులకు నీరు పారవలసివచ్చినప్పుడు రెండును ఎండుట మనము చూడలేదా? చల్లని ప్రదేశమున చర్మపు కోరిక స్వల్పము. రక్తములో హెచ్చుభాగము కాళ్లకే దొరకును. మా కుమార్తె కొండమీద క్రొత్త బలమును పొందలేదు. ఉన్న బలము వేడిని చల్లార్చుటకు వ్యయము గాకుండ పరుగునకు మిగిలెను.

ఇది మా కుటుంబపు టనుభవము మాత్రమే కాదు. మన సండేస్కూలు పిల్లలందరు ఎరిక్ లిడ్డెలు పేరు విన్నవారే. చైనాలో మిషనరీల గృహమున జన్మించి, ఆదివారమున పరుగెత్తనని నూరు మీటర్ల పందెమును మానుకొని, 1924 జూలై 11న పారిసులోని ఒలింపికు క్రీడలలో నాలుగువందల మీటర్ల పందెమున 47.6 సెకండ్లలో గెలిచి, పిమ్మట చైనాలో మిషనరీగా పనిచేసి, 1945లో నిర్బంధ శిబిరమున మరణించిన భక్తుడాయన. ఆయన గెలిచిన మరునాడే, జూలై 12న, ఆ పారిసులోనే పది కిలోమీటర్లకు మించిన పొలముల పరుగు జరిగినది. ఆనాటి యెండ మిక్కిలి తీవ్రము. బయలుదేరిన 38 మందిలో 15 మంది మాత్రమే గమ్యము చేరిరి. తక్కినవారు దారిలో తూలిపడిరి, లేక మానుకొనిరి. ఫిన్లాండు వాడైన పావో నూర్మి గెలిచెను. ఆ పందెమును మరల ఒలింపికు క్రీడలలో పెట్టలేదు. పడినవారు సోమరులు కారు. తమ తమ దేశములలో నెన్నికైన వీరులు.

తొంబదియైదేండ్ల తరువాత, 2019 సెప్టెంబరులో, దోహా నగరమున ప్రపంచ స్త్రీల మారథాను పరుగును ఎండకు వెరచి అర్ధరాత్రి పెట్టిరి. అప్పటికిని వేడిమి 30 డిగ్రీలకు పైగా నుండి, గాలిలో తడి దట్టముగా నుండెను. 68 మంది బయలుదేరగా 28 మంది మధ్యలో మానుకొనిరి. దీనికి విరుద్ధముగా, 2023 అక్టోబరు 8న షికాగో నగరమున చల్లని యుదయమున కెన్యా దేశస్థుడైన కెల్విన్ కిప్టుము 2 గంటల 35 సెకండ్లలో మారథాను పూర్తిచేసి, అంతవరకు నున్న ప్రపంచ రికార్డును దాటెను. గొప్ప మారథానులను వసంతమునందో శరత్తునందో, ఉదయమున నడుపుట ఊరకే కాదు.

అయినచో మా కుమారుడు మొదటి దినమున నేల కూలబడెను? చలి మేలు చేయుచుండగా ఎత్తు కీడు చేసెను. కొండమీది గాలిలోను ప్రాణవాయువు పాలు మైదానములో వలెనే నూటికి 21. కాని గాలి పలుచన. 2,100 మీటర్ల యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నున్న దానిలో నూటికి 78 వంతులు మాత్రమే. కావున ఒక్కొక్క శ్వాసతో లోపలికి పోవు ప్రాణవాయువు తగ్గును. మెక్సికో నగరము 2,240 మీటర్ల యెత్తున నున్నది, అనగా ఇంచుమించు కొడైకెనాలంత యెత్తు. అచ్చట 1968లో జరిగిన ఒలింపికు క్రీడలలో ఈ సంగతి లోకమునకు తెలిసినది. పలుచని గాలి యడ్డు తక్కువగుటచే పొట్టి పరుగులును దూకుడును మెరుగుపడెను. బాబ్ బీమను 8.90 మీటర్లు దూకెను. కాని పదివేల మీటర్ల పరుగులో కెన్యావాడైన నఫ్తాలి టెము గెలువగా, అంతకుముందెన్నో రికార్డులు నెలకొల్పిన ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్కు ఆరవవాడుగా వచ్చి, గమ్యమునొద్ద స్మృతి తప్పి పడిపోయెను. ఎత్తైన ప్రదేశములలో పుట్టి పెరిగినవారికి ఆ గాలి యలవాటు; సముద్రతీరమువారికి కాదు.

అయినను శరీరము నేర్చుకొనును. రెండు మూడు దినములలో ఊపిరి లోతగును. వారములు గడచినకొలది రక్తములో ఎర్రకణములు పెరుగును. కావున కొండకు పోయినవారు మొదట నడువవలెను; పిమ్మట మాటలాడగలిగినంత మెల్లగా పరుగెత్తవలెను. మాట తెగిపోవుచున్నచో వేగము తగ్గింపవలెను. తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవుట యున్నచో విశ్రమింపవలెను; అవి హెచ్చినచో కొండ దిగవలెను. చలిలో దాహము తెలియదు గనుక దాహము లేకున్నను నీరు త్రాగవలెను. పరుగు ముగిసిన వెంటనే తడిచొక్కా మార్చుకొని ఉన్ని బట్ట వేసికొనవలెను. లేనిచో అంతవరకు మేలుచేసిన చల్లదనమే వణకు పుట్టించును. మా కుమారుడు ఈ నియమములను మూడవ దినమునుండి పాటించి, దిగివచ్చునాటికి రెండు చుట్లు పరుగెత్తగలిగెను.

ఇప్పుడు మా తప్పిదమును చెప్పెదము. చాల యేండ్ల క్రిందట, ట్రయినింగు ముగించుకొని క్రొత్తగా ఉద్యోగమున ప్రవేశించిన దినములలో, మేము పనిచేయుచుండిన పాఠశాలలో ఆటల దినమున పరుగు పందెములకు మమ్మును నియమించిరి. అది మార్చి నెల. అతిథుల రాక యాలస్యమగుటచే పదునైదువందల మీటర్ల పందెము మధ్యాహ్నము రెండున్నరకు మొదలైనది. తొమ్మిదవ తరగతి బాలుడొకడు మూడవ చుట్టులో తూలుచు వెనుకబడెను. అతడు నిలువబోగా మేము గీత ప్రక్కన నిలిచి, "సోమరీ! అన్నము తినుటకు లేని యలసట పరుగుకు వచ్చినదా?" అని యందరి యెదుటను కేకవేసితిమి. తక్కిన పిల్లలు నవ్విరి. అతడు మరల పరుగెత్తి, ఇరువదడుగులు పోయి, పడిపోయెను. వేపచెట్టు క్రిందికి మోసికొనిపోయి నీళ్లు చల్లగా, వాంతి చేసికొని, కొంతసేపటికి తేరుకొనెను. దేవుని కృపవలన ప్రాణాపాయము లేకపోయెను. కాని అతడు పాఠశాల విడచువరకు మరల ఏ పందెమునకును పేరియ్యలేదు. మేమును, దానిని గూర్చి యాలోచింపలేదు. శరీరశాస్త్రము చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకొనిన మాకు, చదివినది ఆ నిమిషమున జ్ఞప్తికి రాలేదు. కొండమీద మా బిడ్డ "ఎండలో పరుగెత్తలేకపోతిని, అంతే" అని పలికినప్పుడు, ఆ బాలుని ముఖము మాకు స్పష్టముగా కనబడినది.

కావున తలిదండ్రులకును, తోటి ఉపాధ్యాయులకును మా మనవి యిది. పిల్లవాడు పరుగులో వెనుకబడినప్పుడు మొదట గడియారమును, ఎండను, గాలిలోని ఉక్కను చూడుడు. పిమ్మట పిల్లవానిని చూడుడు. మన ప్రాంతమున పరుగునకు తగిన వేళ సూర్యోదయమునకు ముందుగంట. కార్తికము మొదలు మాఘము వరకు తగిన ఋతువు. కొండకు పోవుటకు ధనము లేనివారికిని దేవుడు డిసెంబరు ఉదయములను ఉచితముగా నిచ్చియున్నాడు. వేసవిలో తప్పనిసరియైనచో దూరమును తగ్గించి, నీడయందు విశ్రాంతి నిచ్చి, ఉప్పు కలిపిన మజ్జిగయో నీరో త్రాగింపవలెను. శరీరము ఎండకును అలవాటు పడును. కాని దానికి పది పదునాలుగు దినములు పట్టును. కొండనుండి దిగివచ్చినవారు ఆ వేగముతోనే మైదానములో పరుగెత్తుట మిక్కిలి ప్రమాదము. మేమును దిగివచ్చిన మరునాడు ఉత్సాహముచే బయలుదేరి, పోస్టాఫీసు దాటకమునుపే బుద్ధి తెచ్చుకొని నడచి యింటికి వచ్చితిమి.

వడదెబ్బ గుర్తులను ప్రతి బాలుడును, బాలికయు నేర్చుకొనవలెను. తల తిరుగుట, తూలుట, అసందర్భపు మాటలు, వాంతి, ఒళ్లు కాలిపోవుట కనిపించినచో పరుగు వెంటనే ఆపి, నీడకు చేర్చి, బిగువు బట్టలు వదులు చేసి, ఒడలంతయు నీటితో తడిపి విసరవలెను. మెడకును, చంకలకును తడిగుడ్డలు లేక మంచుగడ్డ పెట్టవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. 108కి ఫోను చేయవలెను. కాని బండి వచ్చువరకు చల్లబరచుట మానరాదు. నిమిషములే ప్రాణములు.

బైబిలులో పరుగులను గూర్చి యనేక స్థలములలో కలదు. అపొస్తలుడైన పౌలు క్రైస్తవ జీవితమును పందెముతో పోల్చెను. కాని మాకు ఈ సందర్భమున ఏలీయా జ్ఞాపకము వచ్చుచున్నాడు. దీర్ఘకాలపు కరవు తీరి, ఆకాశము మేఘములతో కమ్మి, గాలి వీచి, గొప్ప వాన కురియుచుండగా ఆ ప్రవక్త అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. ఆయనకు బలము దేవుని హస్తమువలన కలిగెనని గ్రంథము చెప్పుచున్నది. ఆ వాన గాలియు ఆయన హస్తమునుండి వచ్చినదేయని మేము సవినయముగా తలంచుచున్నాము.

సెలవులు ముగిసినపిమ్మట మేము ఆ పూర్వవిద్యార్థిని వెదకితిమి. అతడిప్పుడు ఆ యూరిలోనే కరెంటు పనులు చేసికొనుచు, ఇద్దరు బిడ్డల తండ్రియై యున్నాడు. మేము జరిగినది చెప్పి, "నాయనా, ఆ దినమున తప్పు నీది కాదు, మాది. క్షమింపుము" అంటిమి. అతడు తొట్రుపడి, "అయ్యో మాస్టారూ, అంత మాట యనకండి. అదంతయు నేనెప్పుడో మరచిపోతిని" అని కుర్చీ వేసి, టీ తెప్పించెను. మేము లేచివచ్చునప్పుడు మాత్రము వీధివరకు సాగనంపుచు, "ఆ వేపచెట్టు కొట్టివేసినారండి, మాస్టారూ. అక్కడ సైకిళ్ల షెడ్డు కట్టినారు" అనెను.

అతని పెద్దకుమారుడు ఏడవ తరగతి చదువుచున్నాడు. వచ్చు డిసెంబరులో తెల్లవారుజామున ఆరు గంటలకు, మా పిల్లలతోపాటు మైదానమునకు పంపుమని యడిగితిమి. పంపెదనని చెప్పెను.